తొట్టిలో చెయ్యి

పనసగుడ, అరకులోయ మండలం
18 నవంబర్ 2024

తమ్ముడు ఫల్గుణకి,

మీ డొంకరాయిలో టవర్ పడుకుంటే వారానికి గాని లేవదు. లేచినా నేను హలో అంటే నీకు ఎప్పటికో వినపడుతుంది. అందుకే కాగితం తీశాను. పైగా ఫోన్‌లో అయితే నాకు కోపం వచ్చి మధ్యలో పెట్టేస్తాను. రాస్తే చివరిదాకా తిట్టొచ్చు.

కిందటేడు మన కాఫీ యూనిట్ నడిచిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత. అందరూ మనవాళ్లే, అందరి మాటా వినాలి అన్నది నేనే. విన్నాను. తోటల నుంచి వచ్చిన పండ్ల బస్తాలు గుమ్మంలో వేడెక్కిపోతుంటే, పద్నాలుగు మంది ఆడవాళ్లూ నేనూ టీ గ్లాసులు పట్టుకుని, తొక్క తీసే పల్పర్ మిషన్ ఇప్పుడే తిప్పుదామా, కరెంటు నిలకడగా వచ్చాక తిప్పుదామా అని చర్చ. కోసిన రోజే పండు తొక్క తీయకపోతే పులిసిపోతుందని అక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ లేవలేదు, నాతో సహా. మర్నాడు బస్తా అడుగున చెయ్యి పెడితే నల్లటి జావ, అందులో తెల్లగా పురుగులు. ఛీ. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

ఈ ఏడు అలా కుదరదు. విశాఖపట్నంలో చిన్న పరిశ్రమల వాళ్లకి రెండు రోజుల శిక్షణ పెడితే వెళ్లొచ్చాను. సర్వేశ్వరరావు గారని ఒకాయన చెప్పాడు: నడిపించేవాడిలో మెత్తదనం, గట్టిదనం రెండూ సమపాళ్లలో ఉండాలట, పరిస్థితిని బట్టి మారుతూ ఉండాలట. మొదటి ముక్క రాసుకున్నాను. రెండోది చెప్పే వేళకి భోజనాలకి పిలిచారు. మన మెత్తదనం వాటా కిందటేడే ఖర్చయిపోయింది కాబట్టి ఈ ఏడంతా గట్టిదనమే. గోడకి చార్ట్ కట్టాను. పల్పర్ ఎప్పుడు తిప్పాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, తొక్క తీసిన గింజ తొట్టిలో ఎంతసేపు నానితే జిగురు వదులుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. తొట్టికి ముప్పై ఆరు గంటలు. ముప్పై ఐదు కాదు, ముప్పై ఏడు కాదు.

అసలు విషయం ఇది. విశాఖలో కాఫీ వేయించి అమ్మే కంపెనీ నుంచి సందీప్ అని ఒకతను వచ్చాడు. సంక్రాంతి ముందు మళ్లీ వచ్చి నమూనా తీసుకెళ్లి రుచి చూస్తాడట. నచ్చితే మూడేళ్లపాటు మన సరుకంతా వాళ్లే కొంటారు. నచ్చకపోతే వచ్చే ఏడు మనం తలుపులు తీసే పని లేదు. ఈ పద్నాలుగు మందీ మళ్లీ సంతలో దళారి ముందు బస్తాలు దించుకుని, అతను ఏ ధర చెబితే దానికి తల ఊపాల్సిందే.

అతను అన్నీ చూసి మెచ్చుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే మన కనక అత్త చుట్ట ఆర్పి పక్కన పెట్టి, మోచేతి దాకా చెయ్యి తొట్టిలోకి దించింది. చెయ్యి పైకి వచ్చేటప్పుడు జిగురు తీగలు తీగలుగా సాగింది. సందీప్ మూతి ఒక పక్కకి పోయింది. కారెక్కే దాకా చేతిరుమాలు ముక్కు మీద నుంచి తీయలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అతని కళ్లతో చూస్తే నాకూ రోత పుట్టింది. పొగాకు మరకల గోళ్లు, మణికట్టు మీద పాత పుండు మచ్చ, ఆ చెయ్యి మనుషులు తాగే కాఫీలో. మర్నాడే అందరికీ రబ్బరు గ్లౌజులు తెప్పించాను. ఉత్త చెయ్యి తొట్టిలో పెట్టిన వాళ్లకి ఆ రోజుకి పని లేదని చెప్పేశాను.

యూనిట్ కాగితాల మీద నీ సంతకం కూడా ఉంది కాబట్టి నీకు తెలియాలని రాస్తున్నాను.

నీ అక్క
నిర్మల

*

డొంకరాయి
1 డిసెంబర్ 2024

అక్కా,

ఉత్తరం అందింది. నీకు చిన్నప్పటి నుంచీ రోత ఎక్కువ. ఆశ్రమ పాఠశాలలో సాంబారులో పురుగు కనిపిస్తే నువ్వు మూడు రోజులు తిండి మానేశావు. నేను పురుగు తీసి పక్కన పెట్టి తిన్నాను. ఇప్పటికీ ఇద్దరం అలాగే ఉన్నాం.

చార్ట్ కట్టి మంచి పని చేశావు. కిందటేడు చర్చల సంగతి నాకూ తెలుసు. మా డ్యామ్ మీద కూడా ఒకటి ఉంది, నీళ్లు ఇంత మట్టానికి వస్తే గేటు ఇంత ఎత్తాలని. మా సీనియర్ పైడయ్య గారు రోజూ ముందు ఆ చార్ట్ చూస్తారు. తర్వాత బయటికి వెళ్లి నీళ్ల రంగు చూస్తారు. పైన అడవిలో వాన పడితే మట్టం పెరగక ముందే నీళ్లు ఎర్రబడతాయి. ఆ రోజు ఆయన చార్ట్ కోసం ఆగరు, పై ఆఫీసుకి ఫోన్ చేసి అనుమతి తీసుకుంటారు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అత్త తొట్టిలో చెయ్యి పెట్టేది గింజ గుప్పిట్లో పట్టి చూడటానికి కదా. జిగురు ఉంటే జారుతుంది, వదిలితే గరగరలాడుతుంది. గ్లౌజు వేసుకుంటే ఆమెకి ఎలా తెలుస్తుంది?

ఫల్గుణ

*

పనసగుడ
14 డిసెంబర్ 2024

ఫల్గుణా,

ఎలా తెలుస్తుందంటే, గోడ మీద గడియారం చూస్తే తెలుస్తుంది. నాలుగు తొట్లు దించాం. నాలుగూ ముప్పై ఆరు గంటలకే. నాలుగూ శుభ్రంగా వచ్చాయి. తెల్లవారితే గడ్డి మీద మంచు పేరుకునే చలి, రోజూ ఒకటే తీరు. మంచెల మీద ఆరబోసిన గింజ చూసి కొండ దిగి వచ్చిన వాళ్లు కూడా ఆగి మరీ అడుగుతున్నారు.

అత్త గొణుగుతోంది. గొణగనీ. కిందటేడు అందరి గొణుగుడూ విన్నందుకే పురుగులు చూశాను.

నీళ్ల రంగు సంగతి నాకు రాయకు. నాన్న పోయినప్పుడు యూనిట్ నువ్వు చూసుకో అంటే, గవర్నమెంటు కొలువు వదులుకోలేనని డ్యామ్ గట్టెక్కి కూర్చున్నావు. ఇక్కడ జిగురు, ఈగలు, తొక్కల గుట్ట కంపు, మనుషుల అలకలు నా వంతుకి వచ్చాయి. అక్కడ కూర్చుని సలహాలు చెప్పేవాళ్లని చూస్తే నాకు వెగటు.

నిర్మల

*

పనసగుడ
6 జనవరి 2025

ఫల్గుణా,

ఐదో తొట్టి పోయింది. సీజన్ అంతటికీ పెద్ద తొట్టి. సందీప్ నమూనా తీస్తానన్నది అందులోంచే.

పొద్దున్నే మూత ఎత్తాను. అది పుల్లటి వాసన కాదు. పుల్లటిదైతే తట్టుకునేదాన్ని. చచ్చిన ఎలుక, కుళ్లిన ఉల్లిపాయ, ఆస్పత్రి వెనక కాలవ, మూడూ కలిపి ఎండలో పెట్టినట్టు ఉంది. నీళ్ల మీద బూడిద రంగు నురగ. గింజ గుప్పిట్లోకి తీస్తే ఆ కంపు వేళ్లకి పట్టుకుని సబ్బుకి కూడా పోలేదు. కడిగాం, నాలుగుసార్లు నీళ్లు మార్చాం, ఆరబోశాం. కాస్త ఆరిన గింజ చూడటానికి బాగానే ఉంది. పగలగొట్టి వాసన చూస్తే లోపల అదే. ఇలాంటి గింజ ఒక్కటి పడినా కప్పు కాఫీ అంతా పాడవుతుంది. నా జుట్టులో ఆ కంపు, చీరలో ఆ కంపు, అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే అదే. రెండుసార్లు కక్కుకున్నాను.

ఎలా పోయిందని అడుగుతావు. తొట్టి దగ్గర ఉండాల్సింది కనక అత్త. అవి కంది కొత్త రోజులు. ఊరంతా కొత్త కంది గ్రామదేవతకి పెట్టి, థింసా ఆడి, జీలుగు కల్లు కుండల చుట్టూ కూర్చున్న రోజులు. ఇంకా నేను విడమరచి చెప్పాలా? కళ్ల ముందు తొట్టి కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకుంది. సొంత అత్త. పనిలోంచి తీసేశాను.

సందీప్ ఫోన్ చేస్తే అదే చెప్పాను, పనిమనిషి తాగి తొట్టి పాడు చేసింది, తీసేశాను అని. ఇంక నమూనా పోయినట్టే అనుకున్నాను. కాని అతను, మనిషి వల్ల వచ్చిన తప్పే కదా, మీ పద్ధతిలో లోపం లేదు, సరిచేసుకున్నారు, అలా ఉండాలి మేడమ్ అన్నాడు. ఫిబ్రవరి రెండో వారంలో వచ్చి తర్వాతి తొట్ల నుంచి నమూనా తీసుకుంటాడట. బతికిపోయాం.

నిర్మల

*

డొంకరాయి
14 జనవరి 2025

అక్కా,

తొట్టి పోయిందంటే బాధ కలిగింది. నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఆ వారం ఇక్కడ మబ్బు పట్టింది. నేను స్వెట్టర్ తీసి దండెం మీద వేసేశాను. అక్కడ చలి ఎలా ఉంది? అత్త కంది కొత్తకి వెళ్లిందా, తొట్టి దగ్గరే ఉందా? తాగిందని ఎవరు చూశారు? తొట్టి సంగతి ఆమె నీతో ముందు ఏమైనా చెప్పిందా?

అత్త ఇప్పుడెక్కడ ఉందో నీకు తెలుసా?

ఫల్గుణ

*

పనసగుడ
21 జనవరి 2025

ఫల్గుణకి,

ఏమిటిది, పోలీసు స్టేషనా? ఇలాంటి ఉత్తరం చేత్తో పట్టుకోవడానికే నాకు చీదర వేసింది.

మబ్బు పట్టింది. పడితే? మబ్బు పట్టిందని స్కూలు మానేస్తారా? తాగిందో లేదో ఎవరో చెప్పాల్సిన పని లేదు, నేనే దగ్గరికి వెళ్లి చూశాను. పద్నాలుగు మంది ఉన్నారు అక్కడ, కావాలంటే వాళ్లని అడుగు. అసలు వాళ్లూ ఇప్పుడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చెప్పిన పని చేస్తారు, చెప్పనిది ముట్టుకోరు. నిన్న పల్పర్‌లో రాయి పడి టకటకమంటుంటే ఇద్దరు పక్కనే నిలబడి విన్నారు. నేను వచ్చేదాకా ఆపలేదు. ఎందుకని అడిగితే, ఆపమని చార్ట్‌లో లేదన్నారు. మనుషులింత నీచంగా ఉంటారా?

అత్త చింతూరులో చుట్టాల దగ్గరికి వెళ్లిందని ఎవరో అన్నారు. నీకెందుకు ఇంత ఆరా?

నిర్మల

*

డొంకరాయి
26 జనవరి 2025

అక్కా,

అత్త చింతూరులో లేదు. జనవరి తొమ్మిదో తారీకు నుంచి నా క్వార్టర్లోనే ఉంది. నీకు రాయొద్దంది, రాయలేదు. నువ్వే నిజం రాస్తావేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మూడు బస్సులు మారి వచ్చింది. చేతిలో ఒక సంచి, అందులో కొత్త కందికాయలు. కంది కొత్తకి సెలవు లేదని నువ్వంటే, పండగ మూడు రోజులూ తొట్టి దగ్గరే కూర్చుందట. దేవతకి పెట్టకుండా కంది నోట పెట్టకూడదని అలాగే మూటగట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. ఇక్కడ గుమ్మంలో ముగ్గు వేసి, దండం పెట్టి, ఉడికించి నాకు పెట్టి తను తింది. నాలుగు రోజులు నీ మాట ఎత్తలేదు. ఐదో నాడు గిన్నె తోముతూ తనంతట తనే చెప్పింది.

తొట్టి మూత తీశాక నువ్వు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చావట. నోరు తెరవమన్నావట. అందరి ముందూ ఆమె గడ్డం పట్టుకుని, ముఖం మీద ముఖం పెట్టి, వాసన చూశావట. ఆమె అన్న మాట ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"తాగేవేటి అత్తా అనడిగితే సెప్పేదాన్ని గదా. అడగనేదు. సంతలో ఎద్దుని కొన్నోడు నోరు తెరిపించి సూత్తాడు సూడు, అలగ సూసింది. దాన్ని నేనెత్తుకుని పెంచేను రా."

అమ్మ పోయాక మనిద్దరికీ ముడ్డి కడిగింది ఆ చేతులే. నువ్వు మర్చిపోయావని నేననుకోను. గుర్తుండే చేశావు, అదే నాకు అర్థం కాదు.

కంపు గురించి, ఈగల గురించి, జిగురు గురించి నువ్వు పేజీలు పేజీలు రాశావు. నాకు వాటిలో ఏదీ రోత పుట్టించలేదు. నీ ఆరో తారీకు ఉత్తరం రోత పుట్టించింది. దాన్ని ట్రంకు పెట్టె అడుగున పెట్టాను, ఆమె కంట పడకుండా. ఆమెకి చదువు రాదు, అయినా పెట్టాను.

నా మీద నాకూ తక్కువ అసహ్యం లేదు. గ్లౌజుల సంగతి డిసెంబర్‌లో అడిగి, నువ్వు విసుక్కోగానే నోరు మూసుకున్నాను. సంతకం పెట్టినవాడు బస్సెక్కి వచ్చి చెప్పాల్సింది.

ఫల్గుణ

*

పనసగుడ
2 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపాను. ప్రతిసారీ రెండో వాక్యానికే నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. చేతిరాతలో కూడా అబద్ధం కనిపిస్తుంది.

జరిగింది ఇది. జనవరి రెండో తారీకు సాయంత్రం అత్త నా దగ్గరికి వచ్చింది. గ్లౌజులు రెండూ చేతిలో ఉన్నాయి. "సలి ఇరిగింది గుంటా, తొట్టి వాసన మారింది. ఓపాలి సెయ్యెట్టి సూడనీ, బేగి కడిగేయాలేమో" అంది. అత్తకి నేనింకా చిన్నపిల్లనే, గుంటనే. అప్పటికి ఇరవై నాలుగు గంటలే అయింది. నేను ఇంకా పన్నెండు గంటలు ఉందన్నాను. చార్ట్ వైపు వేలు చూపించాను. ఆమె చదవలేదని తెలుసు, అయినా చూపించాను. మళ్లీ అడిగింది. మళ్లీ చూపించాను. మూడోసారి అడిగితే, సందీప్ ముఖం గుర్తొచ్చి, నీ చెయ్యి చూసే కదా అతను ముక్కు మూసుకున్నాడు అనేశాను. అప్పుడు గ్లౌజులు తొడుక్కుని వెళ్లి తొట్టి పక్కన కూర్చుంది. రాత్రంతా కూర్చుంది. చెప్పినట్టే విన్నది ఫల్గుణా. నేను కోరుకున్నది అదే కదా, చెప్పినట్టు వినే మనుషులు.

పొద్దున ఆ కంపు రాగానే నాకు తెలిసిపోయింది. మూత ఎత్తక ముందే తెలిసింది, తప్పు చార్ట్‌ది. చార్ట్ రాసింది నేను. చలి రోజులకి రాసిన లెక్క, మబ్బు పట్టి వెచ్చబడిన రోజుకి పనికిరాదు; వెచ్చబడితే జిగురు ముందే వదిలి గింజ కుళ్లుతుంది. అత్త కాక మిగతా పద్నాలుగు మందీ నా వైపు చూస్తున్నారు. తప్పు కల్లుదయితే నాకు బాగుండును. అంతే. అందుకే నోరు తెరవమన్నాను. ఆమె నోట చుట్ట వాసన తప్ప ఏమీ లేదు. లేదని తెలిసి కూడా వెనక్కి తిరిగి అందరితోనూ తాగిందన్నాను. వాళ్లకి తెలుసు నేను అబద్ధం చెబుతున్నానని. పల్పర్ దగ్గర రాయి సంగతి అందుకే.

కిందటేడు అందరూ మంచిదనుకోవాలని ఏ మాటా తేల్చలేదు. ఈ ఏడు ఎవడో కొత్తవాడు గట్టిదనుకోవాలని ఇలా చేశాను. రెండేళ్లూ నేను చూసింది నా ముఖమే, తొట్టి కాదు. సందీప్ నన్ను మెచ్చుకున్న మాట నీకు గర్వంగా రాశాను చూడు, అది చదివితే ఇప్పుడు నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

అత్తని తీసుకురా. నేనే వస్తాను, రమ్మంటే. పదో తారీకున సందీప్ వస్తున్నాడు. అత్త తాగలేదు, తప్పు నాదని చెబితే ఆ మూడేళ్ల మాట పోతుంది. మనిషి తప్పయితే క్షమించాడు, పద్ధతి తప్పయితే ఎందుకు కొంటాడు? చెప్పకపోతే యూనిట్ నిలుస్తుంది, పద్నాలుగు మందికి పని ఉంటుంది. ఏం చేయమంటావు? ఆమెని అడిగి రాయి.

నిర్మల

*

డొంకరాయి
6 ఫిబ్రవరి 2025

అక్కా, నీ ఉత్తరం అత్తకి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఆమే చదవమంది. కింద ఉన్నది ఆమె చెబుతుంటే రాసింది. నేను ఒక్క మాటా మార్చలేదు. పోస్టులో వేస్తే పదో తారీకు దాటుతుందని పాడేరు మీదుగా అరకు వెళ్లే జీపు డ్రైవర్‌కి ఇస్తున్నాను.

నిర్మలా, నువ్వు ఏడుత్తన్నావని ఈడు సెప్పేడు. ఏడు. నేనూ ఏడ్సేను.

ఈ యేడు నేను రాను. అలిగి కాదు. నువ్వు రమ్మన్నప్పుడల్లా వత్తే, మళ్లీ పొమ్మన్నప్పుడు పోవాల. పై యేడు సంగతి పై యేడు సూద్దాం.

తొట్టి ఎలగ అని అడగనేదు నువ్వు. నన్ను తీసుకురమ్మన్నావు గాని, ఎలగ సూడాలో నేర్పమననేదు. అందుకే సెప్తన్నాను. గాయత్రి నా పక్కన ఆరేళ్లు నిలబడ్డాది. దానికి సగం తెలుసు. మిగతా సగం తొట్టే సెప్తాది. నువ్వు కూడా సెయ్యెట్టు. సబ్బుతో కడుక్కుని ఎట్టు, నేను కడుక్కునే ఎట్టేదాన్ని, నువ్వెప్పుడూ సూడనేదు. ఒకటో రెండో తొట్లు పోతే పోనీ. ఆయమ్మ సెప్పింది, ఈయమ్మ సెప్పింది అనకు. సెయ్యి నీది, తప్పు నీది.

ఆ కంపెనీ గుంటడికి ఏటి సెప్తావో నీ ఇష్టం. యూనిట్టు ఉంటే ఉంటాది, పోతే పోతాది, పండ్లు మోసి బతికినోళ్లమే మనం. నా పేరు మాత్రం తాగుబోతని ఉంచకు.

*

పనసగుడ
20 ఫిబ్రవరి 2025

ఫల్గుణా, అత్తకి చదివి వినిపించు. అంతా వినిపించు.

జీపు డ్రైవర్ ఉత్తరం తెచ్చిన మర్నాడు పొద్దున్నే పద్నాలుగు మందినీ పిలిచాను. అత్త తాగలేదు, ఆమె చెబితే నేను వినలేదు, నోరు తెరిపించి వాసన చూసి అబద్ధం ఆడాను అన్నాను. ఏదో జవాబు వస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఒకామె నా కాళ్ల దగ్గర ఉమ్మి, గ్లౌజులు అక్కడే పడేసి వెళ్లిపోయింది. మర్నాడు పదకొండు మందే వచ్చారు. వచ్చిన వాళ్లు ఎందుకు వచ్చారో నేను అడగలేదు.

పదో తారీకున సందీప్ వచ్చాడు. కారు దిగగానే చెప్పాను, టీ కూడా ఇవ్వక ముందు. తొట్టి పాడైంది నా చార్ట్ వల్ల, మీకు అబద్ధం చెప్పాను, మీరు చెయ్యి చూసి ముక్కు మూసుకున్న ఆమే మా అత్త, ఇక్కడ కాఫీ గురించి నిజంగా తెలిసింది ఆమెకే, ఆమెని నేను వెళ్లగొట్టాను. ఆ రోజు అత్త చెయ్యి చూసి పెట్టిన ముఖమే అతను ఈసారి నాకు పెట్టాడు. ఈసారి నాకు కోపం రాలేదు. మూడేళ్ల మాట వదిలెయ్యమన్నాడు. డిసెంబర్ సరుకు మాత్రం తీసుకుంటాడట. పై ఏడు నమూనా పంపితే చూస్తాడట, చూస్తాననడమే గాని కొంటాననలేదు. వచ్చే నవంబర్‌లో తలుపు తీస్తామో లేదో నాకు తెలియదు. ఆ మాటే పదకొండు మందికీ చెప్పాను. ఈ సీజన్‌కి ఇంకో రెండు తొట్ల పండ్లు ఉన్నాయి, అవి అయ్యేదాకా వస్తామన్నారు.

చార్ట్ మొత్తం పీకెయ్యలేదు. పల్పర్ వేళలు, ఎవరి చోటు ఎక్కడ, అవన్నీ అలాగే ఉన్నాయి. టీ గ్లాసుల చర్చలు మళ్లీ నేను భరించలేను, వాళ్లూ భరించలేరు. పల్పర్‌లో రాయి పడితే ఎవరికి వినపడితే వాళ్లే ఆపాలని కొత్తగా రాశాను. తొట్టి గంటలు మాత్రం కొట్టేశాను. ఆ చోట ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

ఆ రెండింట్లో మొదటి తొట్టికి నేనూ గాయత్రీ చేతులు కడుక్కుని దిగాం. గాయత్రి నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఈ సీజన్ అంతా నన్ను మేడమ్ అనే పిలిచింది, నేనే అలా పిలవమన్నాను. చెయ్యి పెట్టగానే ఒళ్లంతా జలదరించింది. చల్లగా, జిగటగా, వేళ్ల సందుల్లో దూరుతుంది. నాకు నిజంగా రోతే, ఇప్పటికీ రోతే. నీకు, అత్తకి మాట వరసకి పోయిందని రాయను. గుప్పిట పట్టాను, పైన గింజ గరగరలాడింది. అయిపోయింది, కడిగేద్దాం అన్నాను. గాయత్రి నా వైపు చూడకుండానే, పైపైన సూసి సెప్పీకు, అడుక్కి దించు అంది. వంగి భుజం దాకా దించాను. గడ్డం నీళ్లకి తగిలింది. వాంతి వస్తే పక్కకి తిరిగి కక్కాను, జాకెట్టు మీద కూడా పడింది. మిగతా పది మందీ చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు. అడుగున గింజ ఇంకా జారుతోంది. ఎంతసేపు పడుతుందని అడిగాను.

"నాకేటి తెలుసు," అంది గాయత్రి. "ఇంకా అవనేదు. సెయ్యి అందులోనే ఉంచు గుంటా."

ఉంచాను.

నిర్మల